తలకిందుల పుస్తకం

సుశీలకు చావంటే పెద్ద భయమేమీ లేదు. రైసుమిల్లు సేటును ఎవరు చంపారో తెలియకుండా చావాల్సి వస్తుందేమోనన్నదే ఆమె కోపం. పదో తరగతి సెలవుల్లో లైబ్రరీ నుంచి తెచ్చుకున్న డిటెక్టివ్ నవల అది. తాళం వేసిన గోదాములో సేటు శవం, పక్కన ఒంటి చెప్పు, బయట నలుగురు అనుమానితులు. తీరా అసలు సంగతి బయటపడే చోటికి వచ్చేసరికి ఆఖరి పేజీలు లేవు. ఎవడు చించాడో, ఏ పల్లీల పొట్లానికి వాడాడో, వాడి చేతులు పడిపోను అని ఆమె ఆనాడు తిట్టింది. యాభై దాటిన తర్వాత కూడా ఆ తిట్టును వెనక్కి తీసుకోలేదు.

హన్మకొండలో టీచరుగా పని చేస్తున్న కూతురు సాహితి ఆ నవలను ఇంటర్నెట్లో ఎక్కడో పట్టుకుంది. ఎవరో ఓపిక గల మనిషి మొదటి నుంచి చివరిదాకా టైపు చేసి పెట్టారట. తాను వాడి పక్కన పడేసిన ఈ-రీడర్‌లో దాన్ని ఎక్కించి అమ్మకు పంపింది. చూడ్డానికి బడిపిల్లల పలకలాగే ఉంటుంది కాబట్టి ఇంట్లో దానికి పలక అనే పేరు స్థిరపడింది. ఫోనులాగా కళ్లలో పొడవదు. ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. అంచున మీటలున్నాయి, నొక్కితే పేజీ తిరుగుతుంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తెలుగు ఒక్కటే రాదు. నవల తెరిస్తే పేజీ నిండా ఖాళీ అగ్గిపెట్టెలు పేర్చినట్టు డబ్బాలు. సాహితి కంపెనీకి ఫోన్ చేసి అడిగితే, అది పాత రకం, దానికి మేమింక ఏమీ చేయం, కొత్తది కొనుక్కోండి అన్నారు.

"కొనిస్త తియ్. గదెంత పని?" అన్నాడు భర్త వీరేందర్. కేసముద్రం మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం నడిపే మనిషి. ఆయన వేలు చూపిస్తే బస్తాలు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు మారిపోతాయి.

"కొత్తదానికి మీటలుండయట. ఒక్క చేత్తోని పట్టుకొని గదే చేత్తోని తెర మీద గీకాలెనట. నాకున్నది ఒక్క చెయ్యే కదా" అంది సుశీల.

ఆ మాట నిజమే. మానుకోట ఊరి చివర, ఒక మందుల షాపు పైన ఉన్న డయాలసిస్ కేంద్రంలో మంగళ, గురు, శనివారాలు ఆమెకు ఒక్క చెయ్యే ఉంటుంది. ఎడమ చేతి నరం ఎప్పుడో మూసుకుపోయింది, సూదులు కుడి చేతికే గుచ్చుతారు. అవి ఎక్కాక రక్తం మిషన్‌లోకి పోయి రావడానికి నాలుగు గంటలు. ఆ చెయ్యి కదలకూడదు. ఎదురుగా గోడకు టీవీ. దాని రిమోటు, దేవుడు తనకే రాసిచ్చినట్టు, బిక్షం అనే పెద్దాయన దిండు కింద ఉంటుంది. ఆ టీవీలో వచ్చే సీరియల్ అత్తలందరి మీదా సుశీలకు అసహ్యం పుట్టి చాలా కాలమైంది.

ఆ మంగళవారం ఆమె మళ్లీ పలక తెరిచి, డబ్బాలను మిడిగుడ్లేసుకుని చూస్తోంది. పక్క మంచం మీది మాన్‌సింగ్ తల తిప్పాడు. గూడూరు దగ్గరి తండా అతనిది. స్టేషన్ రోడ్డులో మొబైల్ రిపేరు డబ్బా ఉంది. ముప్పై ఏళ్లకే కిడ్నీలు పోయాయి, మాటలో హుషారు మాత్రం పోలేదు.

"అక్కా, గా డబ్బాలల్ల ఏం సదువుతున్నవ్?"

"నా కర్మ సదువుతున్న."

"జర ఇటియ్యి."

అతనికి సూదులు ఎడమ చేతికి. అందువల్ల రెండు మంచాల నడుమ సందులో ఆమె ఎడమ చెయ్యి, అతని కుడి చెయ్యి ఎదురెదురుగా ఖాళీగా ఉంటాయి. పలక ఆ సందు దాటింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు, వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలు చదివాడు, లోపల ఏవేవో నొక్కి చూశాడు. ఎడమ అంచు మీటలు అరిగిపోయి నొక్కినా పలకడం లేదని కూడా కనిపెట్టాడు.

"పలకది తప్పు గాదక్కా. లోపల కంపెనోడు పెట్టిన సాఫ్ట్‌వేర్‌కు తెలుగు తెల్వది. దాని పక్కకే సదివేటిది ఇంకోటి ఎక్కియ్యొచ్చు. ఊకెనే దొరుకుతది. దేశదేశాల పిచ్చోళ్లు కొందరు గల్సి రాసిండ్రు. గది ఎక్కితే తెలుగు వస్తది. అక్షరం బొటనేలంత జేసుకోవచ్చు. పేజీని తలకిందులు గూడ జెయ్యొచ్చు."

"తలకిందులు జేసి నేనేం జెయ్యాలె?"

"ఎడమ దిక్కు మీటలు ఖరాబైనయి కదా. పలకను తిప్పి పట్టుకుంటే కుడి మీటలు నీ ఎడమ చేతికొస్తయి."

సుశీల ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. తన చేతి గురించి ఇంతగా ఆలోచించినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. సూదులు గుచ్చేవాళ్లు కూడా నరం గురించే ఆలోచిస్తారు.

"కంపెనోడు ఊకుంటడా మరి?"

"కంపెనోడు దీన్ని ఇడిచిపెట్టిండు కదా. ఇడిచిపెట్టినోనికి అడిగే హక్కేడిది?" అన్నాడు మాన్‌సింగ్. "కానీ ముందుగాల్నే జెప్తున్న. నడుమల ఆగితే పలక రాయి అయితది. మళ్ల లేస్తదని మాటియ్య."

"ఇప్పుడు మాత్రం ఏం లేచి కూసున్నది? కానియ్యి."

రిపేరు చేసేవాడి సంచిలో ఎప్పుడూ ఉండే పొట్టి వైరు ఒకటి తీశాడు. కావాల్సినవి ఫోన్‌లోకి దించాడు. సందులో స్టూలు, స్టూలు మీద ఫోను. వైరు గుచ్చాలంటే ఒకరు పలకను గట్టిగా పట్టుకోవాలి, ఒకరు వైరు తొయ్యాలి. ఇద్దరికీ కలిపి రెండు చేతులు సరిపోయాయి. ఆమె పట్టుకుంది, అతను గుచ్చాడు. అతను ఫోన్ మీద నొక్కుతుంటే ఆమె పలకను కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"గాలి బంద్ జేసినవా? నెట్టు తగలనియ్యొద్దు. కంపెనీకి తెల్సిందంటే మనం ఎక్కించిందంత తుడుస్తది."

"బంద్ జేసిన."

"ఇగ వైరు తీస్తున్న. లోపలికి పోయి అప్‌డేట్ అని ఉన్నకాడ ఒత్తు. ఒత్తి ఇగ దేన్నీ ముట్టకు."

ఒత్తింది. పలక ఒకసారి నల్లబడింది, తెల్లబడింది. పైన సన్నటి గీత ఒకటి మెల్లమెల్లగా నిండుతోంది.  సరిగ్గా అప్పుడే బీపీ చూడ్డానికి టెక్నీషియన్ విశాల్ వచ్చాడు. దొంగతనం చేస్తున్నట్టు ఆమెకెందుకనిపించిందో ఆమెకే తెలియదు, పలకను గబుక్కున దుప్పటి కిందికి తోసి పైన మోచెయ్యి పెట్టింది. మోచేతి కింద స్విచ్చు నొక్కుకుపోయింది.

"ఏందమ్మా గిది? మిషన్ల పక్కపొంటి వైర్లేంది, ఫోన్లేంది?" అన్నాడు విశాల్ స్టూలు వైపు చూసి. "మాన్‌సింగ్, నీ దుకానం కింద పెట్టుకో. ఈడ గాదు."

అవతల బిక్షం ఫోన్ స్పీకర్లో పెట్టి, ఎవరితోనో మిర్చి రేటు మాట్లాడుతున్నాడు. విశాల్‌కు ఆ ఫోను కనపడలేదు.

అతను పోయాక సుశీల దుప్పటి ఎత్తి చూసింది. పలక మీద కంపెనీ బొమ్మ నిలబడి ఉంది. నొక్కితే కదలదు, తిప్పితే కదలదు. మాన్‌సింగ్ నాలుక కరుచుకున్నాడు.

"రాయి అయిందా?" అంది ఆమె.

"అప్పుడే ఏమనలేం. ఇంటికాడ నిండ..." అని అతను చెప్పబోతుండగానే అతని మిషన్ కూసింది, విశాల్ మళ్లీ వచ్చాడు. ఈసారి వాళ్లిద్దరి నడుమే నిలబడ్డాడు. ఆ తర్వాత మాట సాగలేదు.

కింద కారు దగ్గర విశాల్ వీరేందర్‌తో మాట్లాడటం ఆమె మెట్లు దిగుతూ చూసింది. కారు ఊరు దాటాక ఆయన అడిగాడు.

"గా తండా పోరనికి నీ సామానెందుకిచ్చినవ్?"

"బాగు జేస్తనన్నడు."

"జేసిండా?"

సుశీల కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ల సీసా అందించాడు. అందులో ఆమె రోజుకు తాగాల్సిన నీళ్లు గీత గీసి ఉంటాయి. ఆ గీత గీసేది ఆయనే. చెడ్డవాడు కాదు, ఒక్క రోజు కూడా డ్రైవర్‌ను పంపకుండా తానే తీసుకొస్తాడు. ఆమె ఎప్పుడు తాగాలో, ఏం తినాలో, ఎవరితో మాట్లాడాలో అన్నిటికీ గీత గీసి పెట్టడం మాత్రం ఆయనకు అలవాటైపోయింది.

"అయినా గీ వయసుల హత్యల పుస్తకమేంది సుశీలా? ఏదన్న దేవునిది సదువుకోరాదు?"

"దేవుడు ఎవర్ని సంపిండో అందరికీ తెల్సిందే" అంది ఆమె.

ఇంటికి వచ్చాక ఆమె చేసిన పని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాళ్లింట్లో ఇదివరకు రెండు ఫోన్లు బియ్యంలో పడి బతికాయి. ఒకటి బావి మోటారు దగ్గర తడిసింది, ఒకదాన్ని దూడ నీళ్ల గోలెంలో పడేసింది. ప్రాణం లేని ఫోనుకు బియ్యమే మందు అని ఆ ఇంటి నమ్మకం. పలక తడవలేదన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా మనసు ఊరుకోక, డబ్బా మూత తీసి, బియ్యం లోపలికి చెయ్యి జొనిపి, పలకను నిలువుగా పాతిపెట్టింది. బుధవారం ఆ బియ్యమే వండారు. గురువారం పొద్దున తీసి ఛార్జింగ్ పెడితే ఎక్కలేదు. కంపెనీ బొమ్మ కూడా పోయి, ఖాళీ బ్యాటరీ గుర్తు ఒకటి మిగిలింది.

సరేలే, మాన్‌సింగ్ చూస్తాడనుకుని సంచిలో వేసుకుంది.

పైకి వెళ్లేసరికి మాన్‌సింగ్ పక్క మంచం మీద లేడు. హాలు అవతలి చివర, బాత్రూము తలుపు పక్కన ఉన్నాడు. అతనికి కుడివైపు సాలమ్మ అనే పెద్దామె మంచం. మాన్‌సింగ్ ఉండే మంచం మీద బట్టలు కుట్టే దుకాణాయన ఎవరో పడుకుని గురక పెడుతున్నాడు. సుశీల తన మంచం ఎక్కింది. కిటికీ పక్క మంచం. కొత్త మిషన్. మంచానికి పక్కన హ్యాండిల్‌లాంటి చెయ్యి ఉంటుంది, తిప్పితే తలవైపు లేస్తుంది, కాళ్లవైపు లేస్తుంది. ఆమె ఏనాడూ దాన్ని తిప్పించుకోలేదు.

"మాన్‌సింగ్‌ను ఎందుకు మార్చినవ్ విశాల్?"

విశాల్ సూది మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "వీరేందర్ సార్ ఫోన్ జేసిండమ్మా. మీకు పరేషాన్ అయితుందని."

"నాకు పరేషాన్ అయితుందని నేను జెప్పిన్నా?"

అతను ప్లాస్టర్ అంటించి వెళ్లిపోయాడు. సుశీల ఎడమ చేత్తో సంచిలోంచి పలక తీసి, ఎవరైనా అటు వెళ్లేవాళ్లుంటే ఇద్దామని చూసింది. నర్సును అడిగింది. నర్సు విశాల్ వైపు చూసింది. "వద్దన్నరమ్మా" అంది మెల్లగా. దాటాల్సింది ఒక హాలు. తనకు నడవడానికి లేదు, రెండు సూదులు పట్టుకుని కూర్చున్నాయి. మాన్‌సింగ్ అక్కడి నుంచి చెయ్యెత్తి, ఏమైంది అని సైగ చేశాడు. ఆమె పలకను ఎత్తి చూపించి పెదవి విరిచింది.

నాలుగు గంటలు చేతిలో చచ్చిన పలకతో కూర్చుంటే మనిషి చూపు ఎటో ఒకటు పోవాలి. ఆమె చూపు బాత్రూము వైపే పోయింది. మూడో గంటలో సాలమ్మ బీపీ పడిపోయింది. అది వారంవారం జరిగేదే, అరుపులు వినపడితే సుశీల ఇన్నాళ్లూ కళ్లు మూసుకునేది. ఇవాళ చూసింది. సాలమ్మ కాళ్లు కొయ్యబారి వంకర్లు పోతున్నాయి. ఆ మంచం చెయ్యి విరిగిపోయి ఎన్నాళ్లయిందో. కాళ్లు పైకెత్తండి అని విశాల్ అంటున్నాడు. సాలమ్మ కోడలు సుక్కి మంచం కిందివైపు మోకాళ్ల మీద కూర్చుని, అత్త మడమలు రెండూ తన భుజాల మీద పెట్టుకుంది. అలాగే ఉండిపోయింది. పక్క నుంచి మాన్‌సింగ్ తమ లంబాడీ భాషలో ఏదో చెప్తున్నాడు, ముసలామె మూలుగుతోనే అవునంటోంది. సుక్కి మెడ వణకడం ఇంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది.

సుశీల తల తిప్పి తన మంచం పక్కనున్న చెయ్యి చూసుకుంది. నిగనిగలాడుతోంది. ఎవరూ ముట్టలేదు కదా మరి.

"విశాల్, గీ మంచం సాలమ్మకియ్యరాదు?" అంది సూదులు తీసేటప్పుడు.

"గిది మీ కోసమే పెట్టినమమ్మా. సార్ మొదట్లనే మాట్లాడిండు. మంచాలు రోజుకొకరికి మారుస్తుండాలె గని, ఇది మాత్రం మార్చం." అతను ఆ మాట గొప్ప మర్యాద చేసినట్టే చెప్పాడు.

కారులో ఆమె అడిగింది. వీరేందర్ దాచలేదు.

"అడిగిన. నా పెండ్లాం బాత్రూము కాడ పండాలెనా? నాకు మాట చెల్లుతున్నన్ని రోజులు నీకు కిటికీ పక్కకే. అండ్ల తప్పేమున్నది?"

తప్పేమిటో చెప్పాలంటే ఆమెకు సుక్కి మెడ గుర్తొచ్చింది.  ఒళ్లంతా మండింది. ముప్పై ఏళ్లుగా ఈ మనిషి మాట చెల్లుబాటవుతుంటే ఆ నీడలో తాను చల్లగా కూర్చుంది. ఆ నీడ ఎవరి మీది నుంచి లాక్కొచ్చి తన మీద కప్పారో చూడలేదు. ఇప్పుడు చూసింది. చూశాక ఇంక ఆ మంచం మీద పడుకోవడం తన వల్ల కాదు. అంతే, ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

శనివారం డయాలసిస్ ముందు బరువు చూసుకుని ఆమె నేరుగా బాత్రూము వైపు నడిచింది. సాలమ్మ ఇంకా నిలబడి సుక్కి పరుస్తున్న దుప్పటి కేసి చూస్తోంది. సుశీల ఆ దుప్పటి మీదే కూర్చుంది.

"పటేలమ్మా, గిది నా మంచం" అంది సాలమ్మ గాభరాగా.

"ఇగ నాది. నువ్వు కిటికీ కాడికి పో అక్కా."

"అమ్మో, నాకొద్దు. పటేల్ తిడ్తడు."

"పటేల్ నన్ను తిడ్తడు, నిన్ను గాదు. సుక్కీ, మీ అత్తను తోలుకపో. ఆ మంచానికి పక్కన చెయ్యి ఉన్నది, తిప్పితే కాళ్లు లేస్తయి. నీ భుజాలకు పని తప్పుతది."

సుక్కి చేతిలో దుప్పటి అంచు ఆగిపోయింది. సుశీల ముఖంలోకి ఒకసారి చూసి, అత్త రెక్క పట్టుకుని నడిపించుకుపోయింది.

విశాల్ పరుగున వచ్చాడు. "అమ్మా, గట్ల గాదు. సార్‌కు నేనేం జెప్పాలె?"

"సార్‌కు నేను జెప్త. సూదులు గుచ్చేది నాకా, సార్‌కా?"

అతను మంచం కేసీ మెట్ల కేసీ చూశాడు. ఆమె కుడి చెయ్యి చాపి కూర్చుంది.  చివరికి అతను రెండు మిషన్లూ మార్చి సిద్ధం చేసి, చేతికి తొడుగు వేసుకున్నాడు. ఈ హడావుడిలో సాలమ్మకు సూదులు ఎక్కేసరికి ఆలస్యమైంది.

ఇక్కడ ఫినాయిల్ వాసన, తలుపు తీసినప్పుడల్లా చల్లటి గాలి. మంచం ఒకవైపు కుంగి ఉంది. కానీ ఎడమ పక్క సందులో మాన్‌సింగ్ కుడి చెయ్యి ఉంది.

"ఇయ్యి" అన్నాడు అతను. పలకను చూసి, ఛార్జింగ్ రంధ్రంలోకి ఫోన్ లైటు కొట్టి చాలాసేపు చూశాడు. "అక్కా, లోపల నూక ఇరికింది. దీన్ని ఏం జేసినవ్?"

సుశీల చెప్పింది. మాన్‌సింగ్ నవ్వు ఆపుకోలేకపోయాడు, సూదులున్న చెయ్యి కదలకుండా పొట్ట ఒక్కటే ఊగేట్టు నవ్వాడు.

"నీళ్లల్ల పడ్డదానికి బియ్యం గని, నడుమల ఆగినదానికి బియ్యమెందుకక్కా. ఇంటికాడ నిండ ఛార్జింగ్ పెట్టుమని జెప్పబోయిన, గంతల్నే వీడొచ్చిండు."

అటుగా వచ్చిన సుక్కి తన కొంగుకున్న పిన్నీసు తీసిచ్చింది. సుశీల పలక పట్టుకుంది, మాన్‌సింగ్ పిన్నీసుతో నూక గింజను పొడిపొడిగా తవ్వి తీశాడు. తన బ్యాటరీ డబ్బా తగిలించాడు. గంట గడిచాక స్విచ్చు ఒత్తి పట్టుకోమన్నాడు. ఆమె ఒత్తి పట్టింది. వేలు నొప్పి పుట్టింది, వదల్లేదు. పలక నల్లబడింది. అలా నల్లగానే ఉండిపోయింది. ఈ సేటు చావు సంగతి నాతోనే మట్టిలోకి పోతుంది కాబోలు అనుకుంది.

తెల్లబడింది. సన్నటి గీత మళ్లీ మొదలై, ఈసారి ఆ చివరిదాకా నిండింది.

"కంపెనీ తాళం ఊడింది" అన్నాడు మాన్‌సింగ్ నెమ్మదిగా. తర్వాత చదివే సాఫ్ట్‌వేర్‌ను, తెలుగు అక్షరాలను ఎక్కించాడు. నవల తెరిచి ఆమెకిచ్చాడు. డబ్బాల్లేవు. ఒత్తులు ఒత్తుల చోట, గుడులు గుడుల చోట ఉన్నాయి. తెలుగు తెలుగులాగే ఉంది. ఆమె అక్షరాన్ని పెంచుతూ పోయింది, అద్దాలు తీసేసినా కనపడేంత పెంచింది. పేజీని తలకిందులు చేసి, పలకను తిప్పి పట్టుకుంది. కుడి మీట ఎడమ బొటనవేలి కిందికి వచ్చి కూర్చుంది. నొక్కింది. పేజీ తిరిగింది.

కళ్లు నిండాయి. తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. పోనీలే అనుకుని అలాగే చదివింది. పాత కథంతా తెలిసిందే కాబట్టి సేటు గోదాములోకి నడిచే చోటు నుంచి మొదలుపెట్టింది.

"మెల్లగ సదువుకుంటే నాకేమొస్తది? బయటికి సదువు" అన్నాడు మాన్‌సింగ్.

బయటికి చదివింది. సేటు చచ్చాడు, ఒంటి చెప్పు దొరికింది. సాలమ్మ అవతలి నుంచి, వినపడతలేదు జర గట్టిగ అంది. తెలుగు మరీ పుస్తకంలాగా ఉన్నచోట మాన్‌సింగ్ వాళ్ల భాషలో ఒక్క ముక్కలో చెప్పేవాడు. టీవీలో అత్త ఎవరినో శపిస్తుంటే, సేటు తమ్ముడు ఎక్కడికి పోయాడో వినపడక బిక్షం దిండు కింది నుంచి రిమోటు తీసి, తానే నోరు మూయించాడు. మూడో గంటలో సాలమ్మ బీపీ కొంచెం దిగింది. సుక్కి మంచం చెయ్యి తిప్పింది, కాళ్లు లేచాయి. "ఆపకు, సదువు" అంది సాలమ్మ పడుకునే.

హాలంతా పందేలు మొదలయ్యాయి. తమ్ముడే చంపాడని సుశీలకు చిన్నప్పటి నుంచీ అనుమానం. డ్రైవరని మాన్‌సింగ్. సేటు పెళ్లామే అని బిక్షం. సాలమ్మ మాత్రం రోజూ సేటుకు మందిచ్చే కంపౌండర్ అంది. "ఊకె మంచిగ మాట్లాడుతుండు. పనిలేని మంచితనం నాకు నచ్చది."

చిరిగిపోయిన పేజీల దగ్గరికి వచ్చేసరికి సుశీల మిషన్ ముందు కూసింది. విశాల్ సూదులు తీసి, గుడ్డముక్క పెట్టి, గట్టిగా ఒత్తి పట్టుకోమ్మా అన్నాడు. ఎడమ చేత్తో కుడి చేతిని ఒత్తి పట్టుకుంది. రక్తం ఆగేదాకా వదలకూడదు. పలక ఒడిలో పడి ఉంది. మాన్‌సింగ్ చెయ్యి అందదు, ఆమె లేచి మంచం అవతలి అంచున కూర్చుంది. సుక్కి అత్త దగ్గర ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

వీరేందర్ లోపలికి వచ్చి, అలవాటుగా కిటికీ వైపు నడిచాడు. అక్కడ సాలమ్మ కాళ్లు పైకెత్తుకుని పడుకుని ఉంది. ఆయన ఆగాడు. హాలంతా వెతికి, బాత్రూము పక్కన కుంగిన మంచం మీద భార్యను చూశాడు.

"విశాల్, ఏందిది?"

"నేనే మార్చుకున్న" అంది సుశీల. "ఇగ నుంచి నాదిదే. కాదంటే వరుస వెట్టుమను, అందరితోపాటు నాకొచ్చింది నాకియ్యిమను."

"నా మాటకేం ఇజ్జత్ ఉన్నట్టు?"

"నీ మాటతోని సుక్కి భుజాలు పుండ్లయినయి. చూడు పోయి."

ఆయన చూడలేదు.  అందరూ ఆయన్నే చూస్తున్నారు, అదీ ఆయన అడ్తి దగ్గర హమాలీలు చూసినట్టు కాదు. ఎప్పుడు జరుగుతాడా అన్నట్టు చూస్తున్నారు.

"సరె, అయిపాయె కదా. లే, పోదాం" అన్నాడు గొంతు తగ్గించి.

"అయిపోలే. ఆఖరి పేజీలున్నయి. నా రెండు చేతులూ ఆగమైనయి. గా పలక తీస్కొని నా ముంగట పట్టుకో."

వీరేందర్ పలకను చేతిలోకి తీసుకున్నాడు. అంచు మీద కంపెనీ పేరు తిరగబడి కనపడితే సరిచేయబోయాడు.

"తలకిందులనే పట్టుకో. గట్లయితేనే సక్కగ కనవడ్తది."

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ పట్టుకున్నాడు, తలకిందులుగానే. ఆమె చదవడం మొదలుపెట్టింది. పేజీ చివరికి వచ్చి, "ఆ మీట ఒత్తు" అంది. ఒత్తాడు. మళ్లీ ఒత్తు అంది. ఒత్తాడు. గోదాము తలుపు తెరుచుకుంది, ఇన్‌స్పెక్టర్ నలుగురినీ వరుసగా నిలబెట్టాడు. రెండో చెప్పు ఎవరి ఇంట్లో దొరికిందో ఒక వాక్యం దూరంలో ఉండగా పేజీ అయిపోయింది. సుశీల నోరు తెరిచేలోపే వీరేందర్ బొటనవేలు మీట మీద పడింది.

ఆమె ఆ పేరును హాలంతా వినపడేట్టు చదివింది. కంపౌండర్.

"నేను జెప్పలే?" అంది సాలమ్మ కిటికీ పక్క మంచం మీది నుంచి.

బిక్షం దిండు మీద చేత్తో కొట్టాడు, మాన్‌సింగ్ డ్రైవర్‌ను నమ్మినందుకు తనను తాను తిట్టుకున్నాడు. ఆ గోలలో వీరేందర్ స్టూలు కాలితో దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పలక మాత్రం ఎత్తు తగ్గలేదు. అందరూ సద్దుమణిగేదాకా చూసి, మీట ఇంకోసారి నొక్కాడు.

"ఎందుకు సంపిండో గది సదువు" అన్నాడు.